రోజుకి అర సెంటీమీటరు

ఆ ఉదయం గడియారాలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. కచ్చితంగా చెప్పాలంటే అర సెంటీమీటరు మందం. భార్య ఎనిమిదిన్నరకి బడికి వెళ్ళిపోతుంది. తను తొమ్మిదింటికి దుకాణం తెరవాలి. మధ్యలో దొరికే అరగంటలో, పక్కవీధి మెకానిక్ దగ్గర అరువు తెచ్చుకున్న కారు జాకీతో మంచాన్ని తలవైపు కాస్త పైకి లేపాలి. ఆ వైపు రెండు కాళ్ళ కిందా చెరొక చెక్కముక్క పెట్టి దించేయాలి. ముక్క మీద పెన్సిలుతో తేదీ వేయాలి. చేతులు కడుక్కుని ఏమీ ఎరగనట్టు దుకాణానికి వెళ్ళిపోవాలి.

"ఎనిమిదీ ఇరవై ఎనిమిది. బడి గంట కొట్టేస్తారు," అన్నాడు గుమ్మంలో నిలబడి.

భార్య చెప్పులు వేసుకుంటున్నదల్లా ఆగి చూసింది. "ఇరవై రెండేళ్ళ కాపురంలో మా బడి గంట గురించి మీరు బెంగ పెట్టుకోవడం ఇదే మొదటిసారి. ఒంట్లో బాగానే ఉందా?"

"నాకేం? రాయిలా ఉన్నాను."

రాయిలా లేడు. ఆ సంగతి ఆయనకీ, నాలుగు రోజుల కిందట చూసిన డాక్టరమ్మకీ తప్ప ఎవరికీ తెలియదు.

ఆ వీధిలో ఆయన్ని అందరూ గడియారాలాయన అనే పిలుస్తారు. ఆగిపోయిన గడియారం ఏది తెచ్చినా విప్పి, కంటికి భూతద్దం బిగించుకుని, "ఇది ఎందుకు ఆగిందో చూద్దాం" అంటాడు. బాగు చేయడం కన్నా ఎందుకు ఆగిందో కనుక్కోవడమే ఆయనకి ఎక్కువ ఇష్టం. అలాంటి మనిషి సొంత ఛాతీలో మంట ఎందుకు పుడుతుందో మాత్రం పన్నెండేళ్ళు కనుక్కోలేదు. తిన్నాక మంట, వంగితే మంట, తెల్లారి లేస్తే నోట్లో పులుపు. చప్పరించే మాత్రలు వాచీల పెట్టెలో దాచుకుని, ఒకదాని తర్వాత ఒకటి నోట్లో వేసుకుంటూ గడిపేశాడు. భార్య లెక్కల టీచరు. ఆరేళ్ళుగా వారానికొకసారి, "ఒక్కసారి డాక్టరుకి చూపించుకోండి" అంటూనే ఉంది. ఆయన ప్రతిసారీ, "ఏమీ లేదన్నానా" అంటూనే ఉన్నాడు. తీరా ముద్ద మింగుతుంటే ఛాతీ మధ్యలో ఆగినట్టు అనిపించాక, ఎవరికీ చెప్పకుండా వెళ్ళాడు.

"మత్తు ఇస్తాను, ఏమీ తెలియదు," అంది డాక్టరమ్మ.

"మత్తు వద్దమ్మా. నేను చూడాలి."

"చూసి ఏం చేస్తారు?"

"ముప్పయ్యేళ్ళుగా అందరి గడియారాలూ విప్పి చూస్తున్నాను. నాలో ఏముందో ఒక్కసారైనా చూసుకోవద్దా?"

గొంతు మొద్దుబారడానికి ఏదో చల్లి, చివర చిన్న దీపమున్న సన్నటి గొట్టాన్ని నోట్లోంచి లోపలికి పంపారు. కళ్ళలో నీళ్ళు కారుతున్నా ఆయన తెర మీద నుంచి చూపు తిప్పలేదు. తడిగా, నున్నగా, ముత్యం లాంటి లేత గులాబీ రంగులో ఒక సొరంగం. ఇంత అందమైన పనితనం తన ఛాతీలో ఉందని ఆయనకి ఇన్నేళ్ళూ తెలియదు. దీపం కిందికి దిగిన కొద్దీ రంగు మారింది. అడుగున, కడుపు మొదలయ్యే చోట, ఎర్రటి నాలుకలు నాలుగైదు పైకి పాకుతున్నాయి. పక్కనే చర్మం దోక్కుపోయినట్టు రెండు గీతలు.

తర్వాత కుర్చీలో కూర్చుని, గొంతు ఇంకా మొద్దుగా ఉండగానే మొదటి ప్రశ్న వేశాడు. "ఆ యాసిడ్ ఎప్పుడూ కడుపులోనే కదమ్మా ఉండేది. మరి కడుపు కాలదేం?"

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. రోగులు మామూలుగా ఏం తినొచ్చో అడుగుతారు. ఈయన వేరు రకం.

"కడుపు లోపల జిగురు పూత ఉంటుంది. ఎప్పటికప్పుడు కొత్త పూత వేసుకుంటూ ఉంటుంది. అన్నవాహికకి ఆ ఏర్పాటు లేదు. అది ముద్ద దిగిపోయే దారి, అంతే. రెంటికీ మధ్య ఒక బిగింపు ఉంటుంది. ముద్ద దిగేటప్పుడు తెరుచుకుని వెంటనే మూసుకోవాలి. మీకు అది వదులైపోయింది."

"స్ప్రింగు సాగిపోయింది."

"అలాగే అనుకోండి. దాంతో యాసిడ్ పైకి వస్తుంది. ఎప్పుడో ఒకసారి వస్తే ఫరవాలేదు. ఏళ్ళ తరబడి రోజూ వస్తే ఆ లోపలి పొర ఒరుసుకుపోతుంది, పుండు పడుతుంది, మానుతుంది, మళ్ళీ పడుతుంది. కొందరికి మచ్చలు కట్టి దారి ఇరుకైపోతుంది. ఇంకొందరికి ఆ పొర ఇక తట్టుకోలేక రూపమే మార్చుకుంటుంది. పేగు లోపలి పొరలా తయారవుతుంది. మీరు చూసిన ఎర్రటి నాలుకలు అవే కావచ్చు."

"తెలివైనదే!" అన్నాడు మెచ్చుకోలుగా.

"తెలివైనదే. కానీ అలా మారిన పొరలో కొద్దిమందికి, ఎప్పటికో, కాన్సర్ మొదలయ్యే ప్రమాదం ఉంది. అందుకే చిన్న ముక్కలు తీసి పరీక్షకి పంపాను. రిపోర్టుకి మూడు నాలుగు వారాలు పడుతుంది."

ఆయన మెచ్చుకోలు అక్కడితో ఆగిపోయింది.

డాక్టరమ్మ మాత్రలు రాసింది. తిన్నాక మూడు గంటల దాకా నడుం వాల్చవద్దంది. కాఫీ తగ్గించమంది. చివర్లో, "మంచం తలవైపు పదిహేను సెంటీమీటర్లు ఎత్తు చేయించండి. దిండు మీద దిండు వేసుకుంటే లాభం లేదు, నడుం దగ్గర మడతపడి పొట్ట ఇంకా నొక్కుకుంటుంది. మంచమే వాలుగా ఉండాలి," అంది.

అదీ చిక్కు. మాత్రలు దాచవచ్చు. మంచాన్ని ఎలా దాచడం? ఒక్కసారిగా పదిహేను సెంటీమీటర్లు లేపితే భార్య అడుగుతుంది. అడిగితే చెప్పాలి. చెబితే ఆరేళ్ళ "చూపించుకోండి"లన్నీ ఒక్కరోజున తిరిగి వినాలి. అది కూడా ఓర్చుకునేవాడే. ఆ రిపోర్టు మాట వినగానే ఆమె ముఖం ఎలా అవుతుందో, అది చూడలేడు. అన్నీ ఆలోచించి, ఫోటో ఫ్రేముల దుకాణంలో వెనక అట్టగా వేసే అర సెంటీమీటరు చెక్కను ముక్కలుగా కోయించి తెచ్చాడు. రోజుకొకటి. ముప్పయి రోజులు. మంచం కాళ్ళని దుప్పటి అంచు ఎలాగూ కప్పేస్తుంది. గంటల ముల్లు నడుస్తుంటే ఎవరికైనా కనబడుతుందా?

గంటల ముల్లు సంగతేమో గాని, మంచం మాత్రం ఒకరికి కనబడింది.

తొమ్మిదో రోజు ఉదయం లేచేసరికి టీచరమ్మ పాదాలు మంచం చివరి చెక్కకి ఆనుకుని ఉన్నాయి. మర్నాడూ అంతే. "ఏమండీ, మీకేమైనా జారుతున్నట్టు ఉందా?" అని అడిగింది.

"లేదే," అన్నాడాయన, కాస్త ఎక్కువ తొందరగా.

 అదే ఉదయం ఆమె జడ వేసుకుంటూ గోడ మీది క్యాలెండరు వైపు చూసి ఆగిపోయింది. ఆ క్యాలెండరు మంచం తలచెక్కకి సరిగ్గా పైన వేలాడుతుంటుంది. దాని అడుగు వరసలో ఉండాల్సిన చివరి తేదీలు లేవు. తలచెక్క వెనక్కి దిగిపోయాయి. మంచం పైకి లేచిందని ఎవరికి తడుతుంది? మంచాలు లేవవు. కాబట్టి దిగింది గోడే. ఆమె స్కేలు తెచ్చి, అప్పటికే ఎంత దిగిందో కొలిచి, గోడ మీద పెన్సిలుతో సన్నటి గీత పెట్టింది. సాయంత్రం బడి నుంచి రాగానే మళ్ళీ కొలిచింది. అర సెంటీమీటరు. ఆ మర్నాడు ఇంకో అర.

మామూలు మనిషైతే కేక పెట్టేది. లెక్కల టీచరు గనక గ్రాఫు కాగితం తీసింది.

వారం తిరిగేసరికి ఆమె దగ్గర ఏడు బిందువులున్నాయి. ఐదు ఒకే గీత మీద నిలబడ్డాయి. ఆదివారం మాత్రం గోడ దిగలేదు. ఆదివారం విశ్రాంతి తీసుకునే గోడ ఎక్కడైనా ఉంటుందా అని ఆమెకి ఆశ్చర్యం వేసింది. కిటికీలోంచి చూస్తే జవాబు దొరికింది. పక్క స్థలంలో కొత్త భవనానికి పునాది గొయ్యి తవ్వుతున్నారు. ఆ యంత్రం ఆరు రోజులు తవ్వుతుంది, ఆదివారం ఆగుతుంది. ఇక మిగిలింది ఒకే ఒక్క బిందువు, బుధవారంది. ఆ రోజు ఆమెకి జలుబు చేసి బడికి వెళ్ళకుండా ఇంట్లోనే పడుకుంది. యంత్రం తవ్వింది గాని గోడ దిగలేదు. ఆ బిందువు ఆమెని చాలా వేధించింది. చివరికి కొలతలో పొరపాటని రాసుకుంది. లెక్కల టీచరుగా ఆమె చేసిన తప్పు అదొక్కటే.

భర్తకి చెబుదామనే అనుకుంది. సరిగ్గా అప్పుడే పై అంతస్తు పిన్నిగారు మెట్ల దగ్గర ఆపారు. పిన్నిగారు మోకాళ్ళ నొప్పికని వారానికి రెండుసార్లు ఆసుపత్రికి వెళతారు. మోకాళ్ళు అలాగే ఉన్నాయి గాని, ఊళ్ళో ఎవరికి ఏ జబ్బో ఆవిడకి బాగా తెలిసింది.

"నీతో చెప్పకూడదనుకున్నానమ్మాయ్. మీ ఆయన్ని ఆసుపత్రిలో చూశాను. బల్ల మీద ఒక్కడే కూర్చుని ఇలా చెయ్యి గుండె మీద పెట్టుకుని ఉన్నాడు. పలకరిద్దామంటే ముఖం అటు తిప్పుకున్నాడు."

ఆయన పొద్దున్నే లేచి ఛాతీ రుద్దుకోవడం, రెండు ముద్దలు తిని చాలనడం, కాఫీ మానేయడం, అన్నీ ఒక్కసారి టీచరమ్మ కళ్ళ ముందు తిరిగాయి. తనకి చెప్పకుండా దాచాడంటే ఎంత పెద్దదై ఉండాలి! అలాంటి గుండెకి ఇల్లు కూలిపోతోందన్న వార్త ఎలా చెప్పడం?

అందుకని భర్తకి బదులు సెక్రటరీగారికి చెప్పింది.

సెక్రటరీగారు ఆ పన్నెండు ఇళ్ళ భవనానికి పెద్ద. ఉద్యోగంలో ఉండగా స్టేషన్ మాస్టరు. రిటైరై తొమ్మిదేళ్ళయినా ఈల జేబులోనే ఉంటుంది. గ్రాఫు కాగితాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి చూశారు.

"ఎంత తిన్నగా ఉందమ్మా ఈ గీత!"

"అదేనండీ నా భయం."

"ఇలాగే పోతే?"

"పోతూనే ఉంటుందండీ. గీతకి చివర ఉండదు కదా."

ఆ ఒక్క మాటకి సెక్రటరీగారి చెయ్యి జేబులోని ఈల మీదికి వెళ్ళింది.

"ఒక్కటే బతిమాలుకుంటున్నాను," అంది టీచరమ్మ. "మా వారికి మాత్రం తెలియనివ్వకండి. ఆయన గుండె మంచిది కాదు."

సెక్రటరీగారు రహస్యంగానే నడిపించారు. గ్రాఫుకి పదకొండు నకళ్ళు తీయించి, ఒక్క ఇల్లు తప్పించి మిగతా అన్ని ఇళ్ళకీ పంచారు. సాయంత్రానికల్లా ప్రతి ఇల్లూ ఒరిగిపోయింది. పిన్నిగారు వంటింట్లో నేల మీద నిమ్మకాయ పెడితే అది తిన్నగా తూము దగ్గరికి దొర్లింది. వంటింటి నేలని తూము వైపు వాలుగానే కడతారని ఎవరూ అనలేదు. కింది ఇంటి బ్యాంకు గుమాస్తా తన బీరువా తలుపు తనంతట తనే తెరుచుకుంటోందన్నాడు. అది కొన్ననాటి నుంచీ అంతే. ఎదురింటి అత్తాకోడళ్ళు మాత్రం మొదటిసారిగా ఒక మాట మీద నిలబడ్డారు, నేల వాలిందని. ఎటు వాలిందన్న దగ్గర మళ్ళీ విడిపోయారు.

మర్నాడు సెక్రటరీగారు ఆరుగురిని వెంటేసుకుని పక్క స్థలానికి వెళ్ళి, గ్రాఫు అక్కడి ఇంజనీరు ముఖం మీద పెట్టి, తవ్వకం ఆపించారు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

అయితే తవ్వకం ఆగాక కూడా గోడ దిగింది. సోమవారం అర సెంటీమీటరు, మంగళవారం అర, బుధవారం అర. ఇప్పుడు నిజంగా భయం పట్టుకుంది. "అంటే పునాది తెగిపోయిందన్నమాట," అన్నారు సెక్రటరీగారు మెల్లగా. "ఇక మన చేతుల్లో లేదు."

ఈ గొడవంతటిలో గడియారాలాయనకి మంట తగ్గింది. నోట్లో పులుపు పోయింది. మాత్రల వల్లా, వాలు వల్లా అని ఆసక్తిగా లెక్కలు వేసుకుంటున్నాడు. కానీ చుట్టూ మనుషులు వింతగా మారిపోయారు. ఆయన మెట్లెక్కుతుంటే మాటలు ఆగిపోతున్నాయి. బ్యాంకు గుమాస్తా పరుగున వచ్చి చేతిలో సంచి లాక్కుని, "మీరు మొయ్యకండి, అన్నయ్యగారూ," అన్నాడు. పిన్నిగారు ఆయన తల నిమిరి, ఏమీ అనకుండా కళ్ళొత్తుకుని వెళ్ళిపోయారు. సెక్రటరీగారు భుజం తట్టి, "ధైర్యంగా ఉండాలండీ. వయసుతో పనిలేదు, అన్నింటికీ ఒక రోజుంటుంది," అన్నారు. ఇంట్లో భార్య ఆయన్ని ఒక్క మాట అనడం లేదు. తువ్వాలు మంచం మీద పడేసినా అనడం లేదు.

అప్పుడు ఆయనకి అర్థమైంది. రిపోర్టు వచ్చేసింది. ఆసుపత్రి వాళ్ళు ఇంటికి ఫోను చేసి ఉంటారు. అందరికీ తెలుసు, తనకి తప్ప.

ఆ రోజు దుకాణంలో చిన్న పళ్ళచక్రం ఒకటి పట్టకారులోంచి జారి ఎటో పోయింది, వెతకలేదు. ఎవరి వాచీ ఎంతదాకా వచ్చిందో చీటీలు రాసి ఒక్కొక్క దానికి కట్టాడు. ఇంట్లో గోడగడియారానికి తాళం ఎన్ని చుట్లు తిప్పాలో, ఎక్కడ ఆపాలో ఒక కాగితం మీద రాశాడు. రాసి, కింద "గట్టిగా తిప్పకు" అని చేర్చి, చాలాసేపు ఆ కాగితం వంకే చూస్తూ కూర్చున్నాడు. ఆమె ఎప్పుడూ గట్టిగానే తిప్పుతుంది.

అయినా మంచం కింద ముక్కలు పెట్టడం మాత్రం మానలేదు. మొదలుపెట్టిన పని.

శనివారం ఉదయం పదింటికి నిజంగానే ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. రిపోర్టు తయారైంది, తీసుకువెళ్ళమన్నారు. వెళ్ళి తెచ్చుకున్నాడు. కవరు అంటించి ఉంది. ముప్పయ్యేళ్ళలో మూసి ఉన్న దేన్నీ విప్పకుండా వదలని మనిషి, ఆ కవరు విప్పలేకపోయాడు. పట్టుకుని ఇంటికి నడిచాడు.

సరిగ్గా అదే వేళకి సెక్రటరీగారు ఈల వేసి పావుగంట అయింది. పక్క స్థలం ఇంజనీరు తన మీద పడ్డ నింద చెరిపేసుకోవడానికి పరికరాలతో వచ్చాడు. పరీక్ష అయ్యేదాకా లోపల ఎవరూ ఉండకూడదని సెక్రటరీగారు పన్నెండు ఇళ్ళూ ఖాళీ చేయించారు. గడియారాలాయన వీధి మలుపు తిరిగేసరికి భవనం ముందు ముప్పయి నలభై మంది మౌనంగా నిలబడి ఉన్నారు. కొందరు పరుపుల మీద కూర్చున్నారు. పిన్నిగారు వీధి అవతలి గోడకి చేరగిలబడి ఏడుస్తున్నారు. మధ్యలో తన భార్య, కళ్ళు ఎర్రగా. శనివారం బడి కూడా మానేసింది.

ఆయన్ని చూడగానే అంతా పక్కకి జరిగి దారి ఇచ్చారు.

"అయితే అందరికీ తెలిసిపోయిందన్నమాట," అన్నాడు.

టీచరమ్మ ముందుకి వచ్చి చెయ్యి పట్టుకుంది. "మీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? నాది నాకు తెలియదా?"

"మీ ఒక్కరిదీ కాదండీ, మనందరిదీ," అన్నారు సెక్రటరీగారు గద్గదంగా.

ఆ మాటకి ఆయన కళ్ళు చెమర్చాయి. ఇరుగుపొరుగు ఇంత ప్రేమగా ఉంటారని అనుకోలేదు. "ఎంత దాకా వచ్చిందన్నారు?"

"పది సెంటీమీటర్లు దాటింది."

"పది సెంటీమీటర్లా!" అన్నాడు. తెర మీద చూసినప్పుడు గోరంత కూడా లేదు. "లోపలి పొర వరకే కదా అన్నారు నాతో?"

"పొరేమిటండీ, అడుగే కదిలిపోయింది. ఇన్నాళ్ళు నిలబడటమే గొప్ప."

"మరి... కోసి తీసేస్తారా?"

"కోయడాలతో ఏమవుతుంది? మొత్తం పడగొట్టేయడమే నయమంటున్నారు కొందరు."

"ఇంజనీరు లోపలే ఉన్నాడు, ఇంకా ఏమీ తేల్చలేదు," అంది టీచరమ్మ భర్త చేతిని గట్టిగా నొక్కుతూ. "మీరు కంగారు పడకండి."

"ఇంజనీరా?" అన్నాడాయన. "దీనికి ఇంజనీరెందుకు?"

దానికి ఎవరైనా జవాబు చెప్పేలోపు మొదటి అంతస్తులో వాళ్ళ పడకగది కిటికీ తెరుచుకుంది. ఇంజనీరు తల బయట పెట్టాడు. ఒక చేతిలో రసమట్టం, ఇంకో చేతిలో పేకముక్కల్లా చెక్కముక్కలు.

"ఏమండీ! నేల మీద పెడితే బుడగ సరిగ్గా మధ్యలో ఉంది. గోడ తిన్నగా ఉంది. మంచం మీద పెడితేనే పక్కకి పోతోంది. మంచం ఎత్తి తీశాను, కాళ్ళ కింద ఇవేమిటి? ఒక్కోదాని మీద తేదీలు కూడా ఉన్నాయి!"

తేదీలు అనగానే టీచరమ్మ చేతిసంచిలోంచి గ్రాఫు తీసింది. "చదవండి," అంది పైకి చూస్తూ. ఇంజనీరు ఒక్కొక్క తేదీ చదువుతుంటే ఆమె ఒక్కొక్క బిందువు మీద వేలు పెట్టింది. అన్నీ కలిశాయి. బుధవారం తేదీ లేదు. తను జలుబుతో ఇంట్లో ఉన్న బుధవారం.

ఆమె నెమ్మదిగా భర్త వైపు తిరిగింది.

"అది... డాక్టరమ్మ చెప్పింది," అన్నాడాయన. "తలవైపు ఎత్తుగా ఉండాలని. నిన్ను కంగారు పెట్టకూడదని, కొంచెం కొంచెంగా..."

"గుండెకి మంచం ఎత్తడమేమిటి?"

"గుండె ఎవరిది?"

"మీదే! ఆసుపత్రిలో గుండె పట్టుకుని కూర్చున్నారట కదా!"

"గుండె కాదోయ్. గొట్టం."

"గొట్టమా?"

"అన్నవాహిక. లోపలి పొర చెడింది. యాసిడ్ పైకి తన్ని." కవరు ఆమె చేతికి ఇచ్చాడు. "ఏం వచ్చిందో నేను చూడలేదు. నువ్వే చూడు."

 సెక్రటరీగారు ఎందుకో టోపీ తీసేశారు. టీచరమ్మ కవరు చింపి, పరీక్ష పేపరు దిద్దేటప్పటిలాగా ఒక్కొక్క వాక్యం మీద వేలు పెట్టి చదివింది. ఒకసారి కింది దాకా చదివి, మళ్ళీ మొదటి నుంచి చదివింది. ఆ రెండోసారి చదువుతున్నంతసేపూ గడియారాలాయన ఊపిరి తీసుకోలేదు.

"ఎర్రటి నాలుకల్లా పొర మారడం మొదలైందట," అంది చివరికి. "కానీ ప్రమాదకరమైన కణాలేవీ లేవట. మాత్రలు వాడాలి, మూడేళ్ళకి మళ్ళీ గొట్టం వేసి చూడాలి." కాగితం మడిచింది. తర్వాత అక్కడే ఎవరిదో పరుపు మీద కూలబడి, ముందు నవ్వో ఏడుపో తెలియనట్టు మొదలుపెట్టి, చివరికి నవ్వు దగ్గర ఆగింది. ఆ నవ్వు ఆగాక కోపం వచ్చింది.

"ఇరవై రెండేళ్ళలో నేను మీ దగ్గర ఏదైనా దాచానా?"

ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. "ఇల్లు కూలిపోతోందని?"

ఆమె కొంచెం పక్కకి జరిగి పరుపు మీద చోటు ఇచ్చింది. ఆయన కూర్చున్నాడు. ఇద్దరూ కాసేపు ఎదురుగా నిటారుగా నిలబడి ఉన్న భవనాన్ని చూశారు.

"ఆ ఎర్రటి నాలుకలు నిజంగా కనబడ్డాయా?" అని అడిగింది కాసేపటికి, మెల్లగా.

"ఎంత స్పష్టంగానో! మూడేళ్ళకి వెళ్ళేటప్పుడు నువ్వూ రా. తెర పెద్దదే."

ఇంజనీరు కిందికి దిగి వచ్చాడు. సెక్రటరీగారు ఆయన్ని క్షమాపణ అడగడానికి గొంతు సవరించుకున్నారు గాని, ఇంజనీరు ఆయన్ని దాటుకుని తిన్నగా పరుపు దగ్గరికి వెళ్ళి, చెక్కముక్కలు చేతికిస్తూ గొంతు తగ్గించాడు. "తెల్లారి లేస్తే నోరు పుల్లగా ఉంటుందా మీకు?"

"ఉండేది. ఎనిమిది సెంటీమీటర్ల దగ్గర పోయింది."

"ఎన్ని సెంటీమీటర్లు వెయ్యమన్నారు మొత్తం?"

"పదిహేను. కానీ చెక్కలు సగం మాటేనండీ. ముందు డాక్టరుకి చూపించుకోండి. పన్నెండేళ్ళు చప్పరించకండి నాలాగా."

ఇంజనీరు జేబులోంచి ఏదో తీసి చూపించి మళ్ళీ లోపల పెట్టేసుకున్నాడు. చప్పరించే మాత్రల అట్ట. ఆ తర్వాత బ్యాంకు గుమాస్తా గడియారం చూపించే నెపంతో వచ్చి డాక్టరమ్మ చిరునామా రాసుకున్నాడు. ఎదురింటి అత్తగారు కోడలు చూడకుండా వచ్చి అడిగారు. కోడలు అత్తగారు చూడకుండా వచ్చి అడిగింది. పిన్నిగారు కళ్ళు తుడుచుకుని, ఆ డాక్టరమ్మ గది ఏ అంతస్తులో ఉందో తనకి తెలుసునని చెప్పి, తనూ చాలాకాలంగా వెళదామనుకుంటున్నానన్నారు. సాయంత్రానికి పరుపులన్నీ మెట్లెక్కాయి. పక్క స్థలంలో యంత్రం మళ్ళీ మొదలైంది.

సోమవారం ఉదయం గడియారాలాయన దుకాణానికి బయలుదేరుతుంటే మెట్ల కింద గోడకి కొత్త నోటీసు అంటించి ఉంది. మంచం కాళ్ళ కింద చెక్కలు, ఇటుకలు వగైరా పెట్టుకోదలచిన వారు భవనవాసులకి అనవసరమైన ఆందోళన కలగకుండా ముందుగా రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలని, ఆదివారం సాయంత్రానికి తొమ్మిది దరఖాస్తులు అందాయని అందులో ఉంది.

వాటిలో మొదటిది సెక్రటరీగారిదే.